కలకత్తా నుంచి రంగూన్‌కు రెండు చరణాలు

మా మరిది కూతురు షీలా ఈమధ్యే ఒక ట్రావెల్ ఆఫీసులో చేరింది. చేరిన వారానికే ఏ.ఎస్. రావు నగర్‌లోని మా ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, అన్నీ కంప్యూటరే చెప్పేస్తోంది. నువ్వు అన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చుని ఏం చేశావసలు?" అని అడిగింది. పిల్ల మాటలో వెటకారం లేదు. నిజంగానే తెలియక అడిగింది. నాకు మాత్రం చురుక్కుమంది. ఆ పూటకు ఉప్మా పెట్టి పంపేశాను.

ఆ ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వచ్చినవి రెండే, అవీ తరవాత మారిన పెద్ద ఆఫీసులో, అందరికీ వచ్చాక వచ్చాయి. టికెట్ ఎలా రాయాలో కూడా చెప్పను, ఇప్పుడు ఎవరూ రాయడం లేదు కదా. మా కౌంటర్ దగ్గరికి వచ్చే మనుషులు ఏం అడిగేవారో, అసలు ఏం అడగాలని వచ్చేవారో, అది చెబుతాను. ఆ రెండూ ఒకటి కావని తెలుసుకోవడమే ఈ ఉద్యోగం.

గడియారం చేసే మోసం

మా ఆఫీసు సికింద్రాబాద్ ఎస్.డి. రోడ్డులో ఒక బట్టల దుకాణం పైన ఉండేది. చెక్క మెట్లు. ఎవరు పైకి వస్తున్నా వాళ్ల బరువు మాకు ముందే తెలిసిపోయేది. లోపల రెండు బల్లలు, వేరే ఊళ్లకు టైపు చేసి వార్తలు పంపే టెలెక్స్ యంత్రం ఒకటి, ప్రపంచంలోని విమానాలన్నీ చీమతలకాయంత అక్షరాల్లో అచ్చయిన టైమ్‌టేబుల్ పుస్తకం. ఆ పుస్తకం ఎంత లావంటే, యజమాని వెంకటనర్సయ్య గారు మధ్యాహ్నం కునుకు తీయాలంటే దాన్నే తలకింద పెట్టుకునేవారు.

ఆయనది తరతరాలుగా హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. మాది బోయిగూడలో అద్దె ఇల్లు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడి మిషన్ స్కూలుకు టీచరుగా వచ్చారు. నేను చేరిన రోజున వెంకటనర్సయ్య సార్ నా సర్టిఫికెట్లు చూడలేదు. ఆ లావుపాటి పుస్తకం నా ముందు పడేసి, ఖాట్మండూ ఎంతసేపట్లో చేరతామో చెప్పమన్నారు. నేను గబగబా లెక్కేసి చెప్పాను. తప్పు చెప్పాను. నేపాల్ గడియారం మనకంటే పావుగంట ముందు నడుస్తుందని నాకేం తెలుసు? గంటో అరగంటో తేడా ఉంటే అర్థం చేసుకోవచ్చు, ఈ పావుగంట బేరం ఎక్కడిది? ఆయన నవ్వి, రేపటి నుంచి రమ్మన్నారు.

ఆ పావుగంట తరవాత చాలామందిని కాల్చుకు తింది. జనరల్ బజార్ వెండి వ్యాపారి ఒకాయన కుటుంబంతో పశుపతినాథుడి దర్శనం చేసుకుని వచ్చి, నేరుగా మా మెట్లెక్కి తగాదా పెట్టుకున్నాడు. పోయేటప్పుడు ఎక్కువసేపు ఎగిరింది, వచ్చేటప్పుడు తక్కువసేపు ఎగిరింది, మరి టికెట్ ధర రెండింటికీ ఒకటే ఎందుకని ఆయన వాదన. వెంకటనర్సయ్య సార్ ఆయనకు చాయ్ తెప్పించి, తాగేదాకా ఆగి, "ఆ ఫరక్ జహాజ్‌ల లేదు సేట్, మీ చేతి గడియారంల ఉన్నది" అన్నారు. సేట్ గారికి ఎంత అర్థమైందో తెలియదు గానీ, ప్రతి ఏడూ మా దగ్గరే టికెట్లు కొన్నాడు.

పొరుగు దేశాల ప్రయాణాలన్నీ ఇంతే. పటం మీద వేలు పెడితే పక్కనే ఉంటాయి. కొలంబో మనకు ఢిల్లీ కంటే దగ్గర. కానీ మద్రాసులో పడిగాపులు పడి చేరేసరికి ఢిల్లీ వెళ్లినవాడు పని చూసుకుని తిరిగి బయల్దేరి ఉండేవాడు. విమానం ఎంతసేపు ఎగురుతుందని అడిగినవాడికి అదొక్కటే చెప్పి పంపేస్తే సార్‌కు ఒళ్లు మండేది. మనిషి గడప దాటింది మొదలు అవతలి గడపలో కాలు పెట్టేదాకా లెక్క చెప్పాలి అనేవారు. అది చెబితే సగం మంది కొనకుండానే లేచిపోతారని నేను గొణిగేదాన్ని. పోతే పోనీ అనేవారు. ఆయన చేతిలో డబ్బు ఎందుకు నిలవలేదో నాకు అప్పుడే అర్థమైంది.

ఊరితో పనిలేని ప్రయాణికురాలు

దీనమ్మ టీచర్ మా వీధిలోనే ఉండేవారు. ఆడపిల్లల స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. మేం వెళ్లే చర్చికే వచ్చేవారు. ఇస్త్రీ చీర, గట్టి ముడి, ఎవరి జాలీ అక్కరలేదన్నట్టు నిటారుగా ఉండే నడక. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం మా చెక్క మెట్లను చేత్తో తడుముకుంటూ ఎక్కి వచ్చారు. పందొమ్మిది వందల ఎనభైల్లో మాట. అప్పటికి రంగూన్ ఊసెత్తేవాళ్లే లేరు. మా గోదావరి వైపు పెద్దవాళ్లు దాన్ని రంగం అనేవారు. పొట్ట చేతపట్టుకుని రంగం వెళ్లిన తెలుగువాళ్లు ఒకప్పుడు వేలల్లో ఉండేవారు.

ఆవిడ కూర్చుని, కలకత్తా నుంచి రంగూన్‌కు విమానం ఉందా అని అడిగారు. వారంలో కొన్ని రోజులే ఉందని చెప్పాను. అక్కడ ఎవరున్నారు, ఎక్కడ దిగుతారు అని వీసా కాగితం కోసం అడిగితే, ఎవరూ లేరన్నారు. చూడాల్సిన చోట్లు ఏమైనా ఉన్నాయా అన్నాను. లేవన్నారు.

"రంగూన్‌లో నాకేం పని లేదమ్మా గ్రేసూ. వెళ్లే దారిలోనే పని" అన్నారు.

పక్క బల్ల దగ్గర సార్ పేపరు మడిచి పక్కన పెట్టారు.

ఆవిడ చెప్పింది ఇది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రంగూన్ మీద జపాన్ బాంబులు పడినప్పుడు, ఓడల్లో చోటు దొరకని మనవాళ్లు కాలినడకన బయల్దేరారు. దీనమ్మ గారికి అప్పటికి పన్నెండేళ్లు. అమ్మ, నాన్న, చంకలో తమ్ముడు. అరకాన్ కొండలు దాటి సముద్రం ఒడ్డుకు చేరాలి. టౌంగప్ కనుమ అని ఒకటుంది, ఆ దారిలో నీళ్లు లేవు, కలరా ఉంది. కనుమ మధ్యలో అమ్మ చనిపోయింది. గొయ్యి తవ్వే ఓపిక ఎవరికీ లేదు. రాళ్లు కప్పారు. పాస్టరు లేడు. నాన్నే అమ్మకు ఇష్టమైన కీర్తన ఎత్తుకున్నాడు. రెండు చరణాలు అయ్యేసరికి ముందున్నవాళ్లు కేకలు వేశారు, చీకటిలోగా నీళ్లున్న చోటికి చేరాలని. పాట అక్కడే వదిలేసి నడిచారు.

ఆ కీర్తనకు నాలుగు చరణాలు. నాన్న బతికున్నంతకాలం ఏటా అమ్మ జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ఆ పాట పాడించి, రెండో చరణం దగ్గర ఆపేసేవాడు. ఆయన పోయాక కూడా వాళ్లింట్లో అదే ఆనవాయితీ అయింది. తమ్ముడి పిల్లలు ఆ పాటకు రెండే చరణాలనుకుంటూ పెరిగారు.

"నాకు నీటికాసులు. ఏడాదికో, రెండేళ్లకో చూపు పూర్తిగా పోతుందన్నారు" అన్నారు, పిల్లల మార్కులు చెప్పినంత మామూలుగా. "ఆ కొండల్లోకి బయటివాళ్లను వెళ్లనివ్వరట. విమానం వాటి మీంచే పోతుంది కదా. ఒక్కసారి చూసి, మిగతా రెండు చరణాలూ పాడి వస్తాను. కొండల మీద ఎంతసేపు ఉంటుందో చెప్పు."

అన్నేళ్ల ఉద్యోగంలో నన్ను అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆ గంట ఎవరిది

లెక్కల టీచర్ కదా, ఆవిడ ఊరికే రాలేదు. ఎవరినో అడిగి విమానం బయల్దేరే వేళ, చేరే వేళ తెలుసుకుని, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, పటంలో కొండలు ఎంత మేర ఉన్నాయో చూసి, తనకు సరిపడా సమయం ఉందని తేల్చుకుని వచ్చారు. నేను టైమ్‌టేబుల్ తీసి చూశాను. రంగూన్ గడియారం మనకంటే గంట ముందు. ఆవిడ లెక్కలో ఒక గంట అసలు లేనే లేదు. అది ఆకాశంలోది కాదు, గడియారంలోది. విమానం ఆవిడ అనుకున్నదానికంటే చాలా వేగంగా ఆ కొండలు దాటేస్తుంది.

ఆ సంగతి చెప్పేసరికి ఆవిడ ముఖం వాడిపోయింది. ఏదో ఒకటి అనాలి కదా అని, పరవాలేదండీ, రెండు చరణాలకు ఎలాగైనా సరిపోతుంది అనబోయాను. సార్ అందుకున్నారు.

"తెల్వనిది చెప్పకు బిడ్డ. ఆమె ఒక్కసారే పోతది" అన్నారు.

షీలా, ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఆ మాటే. కౌంటర్‌లో కూర్చుంటే ఓదార్చాలని నోరు దురద పెడుతుంది. లేట్ అవదులెండి, కనెక్షన్ దొరుకుతుందిలెండి, వీసా వచ్చేస్తుందిలెండి. ఆ మాటలకు ఖర్చేం లేదు. ఖర్చంతా విన్నవాళ్లదే.

సార్‌కు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. బేరమాడేవాళ్లను మెట్ల మీద నుంచే పంపించేసేవారు. ఆ రోజు మాత్రం దీనమ్మ గారిని వారం ఆగి రమ్మని, ఆవిడ గొడుగు చేతపట్టుకుని తనే మెట్ల కిందదాకా దింపి వచ్చారు.

పైలట్ గారి వరండాలో

కాప్రా చెరువు దగ్గర ఒక రిటైర్డ్ పైలట్ ఉండేవారు. మా పాత కస్టమర్. ఒకప్పుడు కలకత్తా నుంచి రంగూన్‌కు విమానం నడిపిన మనిషి. ఆదివారం పూట సార్ తన స్కూటర్ మీద నన్ను అక్కడికి తీసుకెళ్లారు. మా ఇంట్లో చర్చి ఎగ్గొట్టానని అమ్మ రుసరుసలాడింది. ఎందుకు వెళ్తున్నానో చెబితే చల్లబడింది.

పైలట్ గారు వరండాలో కూర్చుని, కళ్లు మూసుకుని ఆ దారంతా చెప్పారు. వెళ్లేటప్పుడు ఎడమ వైపు కిటికీ కావాలి, రెక్కకు ముందు. చాలాసేపు సముద్రమే. తరవాత తీరం తెల్లటి ముగ్గుగీతలా కనబడుతుంది. అక్కడి నుంచి కొండలు. టౌంగప్ ఎడమ పక్కన కాస్త దూరంగా ఉంటుంది. కొండలు అయిపోయి ఐరావతి నది మెరిసిందంటే ఇక దిగబోతున్నట్టే. వానాకాలం వెళితే మబ్బు తప్ప ఏమీ కనబడదు, చలికాలంలోనే వెళ్లాలి. తెల్లగీత నుంచి నది మెరుపు దాకా ఏడెనిమిది నిమిషాలు, గాలి తోస్తే అదీ తక్కువే.

దీనమ్మ గారు మళ్లీ వచ్చిన రోజున సార్ తలుపు దగ్గరగా వేసి, ఫ్యాను ఆపి, టెలెక్స్ మీద దుప్పటి కప్పారు. "పాడుండ్రి టీచరమ్మ. ఎంతసేపు పడతదో చూద్దాం" అన్నారు.

ఆవిడ లేచి, చర్చిలో నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మూడో చరణం, నాలుగో చరణం. అవి ఆవిడ గొంతులోంచి నేను వినడం అదే మొదటిసారి. మా చర్చివాళ్ల పాట సంగతి తెలిసిందే, ఒక్కో మాటనూ పాకం తీసినట్టు సాగదీస్తాం. సార్ గడియారం మీంచి కళ్లు తిప్పలేదు. పాట అయ్యేసరికి పైలట్ గారు చెప్పిన సమయం ఎప్పుడో దాటిపోయింది.

సార్ గొంతు సవరించుకుని, "జెర తేజ్ పాడాలె టీచరమ్మ. లేకుంటే నది వచ్చేస్తది" అన్నారు.

ఆవిడ నవ్వారు. ఆ ఆఫీసులో ఆవిడ నవ్వడం అదే మొదలు. "మా సంఘంలో అంత గబగబా పాడితే ఇల్లు తగలబడుతోందనుకుంటారండీ" అన్నారు.

ఆ తరవాత రెండు నెలలు మా వీధి వీధంతా ఆ అభ్యాసం విన్నది. సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, నాలుగిళ్ల అవతల దీనమ్మ గారు ఆ రెండు చరణాలూ పరుగులు పెట్టించేవారు. టీచరమ్మకు ఏమైందని పక్కింటివాళ్లు మా అమ్మను అడిగారు. ప్రయాణం ఉందిలెండి అంది అమ్మ. వాళ్లకేం అర్థమైందో గానీ మళ్లీ అడగలేదు. ఇప్పుడు కూడా బోయిగూడ వైపు వెళితే ఉడుకుతున్న అన్నం వాసనకు నా చెవిలో ఆ పాట మొదలవుతుంది.

సార్ కలకత్తాలో తనకు తెలిసిన విమాన సంస్థ ఆఫీసరుకు టెలెక్స్ ఇచ్చారు. సీటు ఎటువైపు, రెక్కకు ఎంత ముందు, అన్నీ రాశారు. ఆ రోజుల్లో సీటు ఎయిర్‌పోర్టులో ఇచ్చేవారు, ముందుగా అడిగితే నవ్వేవారు. నవ్వకుండా ఉండడానికి ఒక డబ్బా ఉస్మానియా బిస్కెట్లు దీనమ్మ గారి చేతే పంపించారు. తోడుగా తమ్ముడి కూతురు సరళ వెళ్లింది. హౌరా రైలు ఎక్కించడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కు నేనూ వెళ్లాను. ప్లాట్‌ఫారం మీదే చర్చి పెద్దలు ప్రయాణ ప్రార్థన చేశారు. కాస్త అవతల సార్ కూడా కళ్లు మూసుకుని నిలబడ్డారు.

తిరిగి వచ్చాక

చెక్క మెట్లు కిర్రుమన్న తీరును బట్టే ఆవిడని తెలిసింది. పైకి వచ్చేదాకా నేను కూర్చోలేకపోయాను.

వెళ్లేటప్పుడు కిటికీ దొరికింది, ఆకాశం అద్దంలా ఉంది, తెల్లగీత పైలట్ గారు చెప్పినట్టే వచ్చింది. కానీ పాట రాలేదు. కొండలు ఆకుపచ్చగా, దుప్పటి కుప్ప పోసినట్టు కిందుగా పోతున్నాయి, ఆవిడ గొంతు పెగలలేదు. అత్తకు సాయం పడదామని సరళ నోరు తెరిచింది గానీ ఆ పిల్లకు మూడో చరణం తెలిస్తే కదా. నది మెరిసింది. అయిపోయింది.

ఆ మాట వినగానే నా కళ్లు నిండాయి. సార్ తల దించుకున్నారు.

"ఉండండి, ఇంకా ఉంది" అన్నారు దీనమ్మ గారు.

రంగూన్‌లో ఉన్న వారమంతా బసలో కూర్చుని గొంతు సవరించుకున్నారట. ఊరు చూద్దామని సరళ బతిమాలినా కదల్లేదట. వచ్చేటప్పుడు కుడి వైపు కిటికీ కావాలని మేం ఎవరికీ చెప్పలేదు, ఆ ఆలోచనే మాకు రాలేదు. ఆవిడే ఒక బర్మా పెద్దమనిషిని సైగలతో అడిగి సీటు మార్చుకున్నారు. ఈసారి ముందు నది వచ్చింది, తరవాత కొండలు. ఆవిడ ఎత్తుకున్నారు. గొంతు వణికినా ఆగలేదు. ఒంట్లో బాగోలేదేమోనని ఎయిర్‌హోస్టెస్ వచ్చి, సంగతి తెలియకపోయినా పక్కనే నిలబడిపోయిందట. రెండు చరణాలూ అయ్యాయి.

"సముద్రం ఇంకా రాలేదు గ్రేసూ. కొండలు ఇంకా మిగిలే ఉన్నాయి. మరీ తొందరగా పాడేశాను" అన్నారు. "మిగతాసేపు ఊరికే చూశాను. అప్పుడు తొందరలో వదిలి వచ్చాం. ఇప్పుడూ తొందరలోనే పాడాను, ఏం చేయను."

సార్ చాయ్ తెప్పించారు.

ఆ ఏడు జ్ఞాపకార్థ కూడికకు ఆవిడ మమ్మల్నిద్దరినీ పిలిచారు. బోయిగూడలో ఆ ఇల్లు ఎంత చిన్నదంటే సగం మంది వాకిట్లో చాపల మీద కూర్చున్నారు. అప్పటికి దీనమ్మ గారికి చూపు దాదాపు పోయింది, ఎదురుగా వెలుగు ఉందో లేదో అన్నంత మటుకే తెలిసేది. సార్ చెప్పులు వాకిట్లో విడిచి, గోడ వారగా కూర్చున్నారు.

పాట మొదలైంది. మొదటి చరణం, రెండో చరణం. అలవాటు చొప్పున అందరూ ఆగిపోయి పుస్తకాలు మూశారు. పాస్టరు గారు ప్రార్థనకు లేవబోయారు. దీనమ్మ గారు ఆగలేదు. ఒక్కరే మూడో చరణం ఎత్తుకున్నారు. ఆ ఇంట్లో ఎవరికీ అది నోటికి రాదు. చూపున్నవాళ్లంతా గాభరాగా పుస్తకాల్లో పేజీ వెతుక్కుంటుంటే, చూపులేని ఆవిడ ముందు నడుస్తున్నారు. ముందు సరళ అందుకుంది, తరవాత దీనమ్మ గారి తమ్ముడు. అమ్మ చనిపోయినప్పుడు ఆ తమ్ముడు చంటిబిడ్డ, ఆమె ముఖం కూడా ఆయనకు గుర్తులేదు. ఆయన పాడలేక ఏడ్చాడు, ఏడుస్తూనే పాడాడు.

ఆవిడ ఆ రోజు తేజ్‌గా పాడలేదు. మా సంఘం తీరులోనే, ఒక్కో మాటనూ సాగదీసి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తుకుని పాడారు. ముందు నుంచి కేకలు వేసేవాళ్లు ఎవరూ లేరు.

కూడిక అయ్యాక నేనూ సార్ బస్టాపు దాకా నడిచాం. అలవాటైపోయిన ప్రాణం కదా, ఎంతసేపు పట్టింది సార్ అని అడిగాను. ఆయన మణికట్టు ఖాళీగా ఉంది. గడియారం విప్పి ఎప్పుడు జేబులో వేసుకున్నారో నేను గమనించలేదు.

"చూడలే బిడ్డ" అన్నారు. "చూడబుద్ధి గాలే."